చెన్నై నుంచి శరణార్థుల సహాయ రంగంలోకి: గుమ్మిడిపూండి లోకల్‌తో మొదలయ్యే దారి

నెలకి ఒకరిద్దరైనా అడుగుతుంటారు, "అక్కా, యూఎన్‌లో ఉద్యోగం ఎలా వస్తుంది, జెనీవా వెళ్ళాలంటే ఏం చదవాలి" అని. అడిగేవాళ్ళు ఎక్కువగా మన తెలుగు పిల్లలే, నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వచ్చి చెన్నైలో ఇంజనీరింగో, లాయో, ఎం.ఎస్.డబ్ల్యూ.నో చదువుతున్నవాళ్ళు. అందరికీ నేను చెప్పేది ఒకటే: ముందు మూర్ మార్కెట్ కాంప్లెక్స్ స్టేషన్‌లో గుమ్మిడిపూండి లోకల్ ఎక్కండి. మన సూళ్ళూరుపేట వైపు వెళ్ళే లైనే అది. దిగాక స్టేషన్ బయట టీ కొట్టు దగ్గర నిలబడితే తమిళంతో పాటు తెలుగూ వినిపిస్తుంది. ఆ ఊళ్ళోనే శ్రీలంక నుంచి పడవల్లో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చిన కుటుంబాలు ఏళ్ళ తరబడి ఉంటున్న క్యాంపు ఉంది. మీరు చెయ్యాలనుకుంటున్న పని ఏంటో అక్కడ అర్థమైనంత బాగా ఏ వెబ్‌సైట్ చూసినా అర్థం కాదు.

ఎనిమిదేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. కింద రాసింది నేను మొదటి రోజు తెలుసుకుని ఉంటే బాగుండేది అనిపించే వరసలో రాశాను.

ముందు, ఈ పని ఏంటో విడదీసి చూడండి

ఈ రంగంలో రెండు పాయలున్నాయి. ఒకటి సహాయం: నీళ్ళు, తిండి, గుడారం, మందులు. రెండోది ప్రొటెక్షన్. దీనికి మన భాషలో సరైన ఒక్క మాట నాకు దొరకలేదు, రక్షణ అంటే పోలీసులు గుర్తొస్తారు కాబట్టి మేమంతా ప్రొటెక్షన్ అనే అంటాం. మనిషికి ఉన్న హక్కు ఆ మనిషికి అందేలా చూడటం, హాని జరగకుండా ముందే అడ్డుపడటం దాని అర్థం.

తేడా ఒక ఉదాహరణతో చెప్తాను. 2015 డిసెంబరు వరదలప్పుడు గానీ, 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను అప్పుడు గానీ చెన్నైలో ఉన్నవాళ్ళకి స్కూళ్ళలో, కల్యాణ మండపాల్లో పెట్టిన సహాయ శిబిరాలు గుర్తుంటాయి. ఇలాంటి చోట్ల కనీసం ఎంత ఉండాలో స్ఫియర్ ప్రమాణాలు అని ప్రపంచమంతా వాడే లెక్కలున్నాయి: మనిషికి రోజుకి కనీసం 15 లీటర్ల నీళ్ళు, 20 మందికి ఒక మరుగుదొడ్డి, తలకి మూడున్నర చదరపు మీటర్ల కప్పు కింద చోటు. సహాయం చూసే మనిషి మరుగుదొడ్లు లెక్కపెట్టి సరిపోయాయని రాసుకుంటాడు. ప్రొటెక్షన్ చూసే మనిషి సాయంత్రం ఏడున్నరకి అక్కడికి వెళ్ళి, దారిలో లైటు ఉందా, లోపల గడియ పడుతోందా, ఆడపిల్లలు రాత్రి వెళ్ళాల్సి వస్తుందని మధ్యాహ్నం నుంచే నీళ్ళు తాగడం మానేస్తున్నారా అని అడుగుతుంది. రెండూ కావాలి. మీ మనసు ఏ ప్రశ్న దగ్గర ఆగుతుందో గమనించుకోండి, మీ పాయ అదే.

చట్టం: కొంచెమే, కానీ కచ్చితంగా

లా చదవకపోయినా ఈ కాస్తా రావాలి. 1951 శరణార్థుల ఒప్పందం ప్రకారం జాతి, మతం, జాతీయత, ఒక సామాజిక వర్గంలో సభ్యత్వం, రాజకీయ అభిప్రాయం, ఈ ఐదింటిలో ఏదో ఒక కారణంతో తన దేశంలో తనని హింసిస్తారనే భయానికి తగిన ఆధారం ఉండి, సరిహద్దు దాటి వచ్చి, వెనక్కి వెళ్ళలేనివాళ్ళు శరణార్థులు. మొదట్లో అది 1951కి ముందు జరిగిన ఘటనలకే వర్తించేది, 1967 ప్రోటోకాల్ ఆ గడువు తీసేసింది. సరిహద్దు దాటకుండా సొంత దేశంలోనే చెల్లాచెదురైనవాళ్ళు వేరే లెక్కలోకి వస్తారు. అన్నిటికన్నా ముఖ్యమైన సూత్రం, ప్రాణానికో స్వేచ్ఛకో ప్రమాదం ఉన్న చోటికి ఎవరినీ బలవంతంగా తిప్పి పంపకూడదు.

భారతదేశం ఈ ఒప్పందం మీద సంతకం చెయ్యలేదు, శరణార్థుల కోసం ప్రత్యేక చట్టమూ లేదు. మొన్నటిదాకా 1946 విదేశీయుల చట్టం ఉండేది, దాని స్థానంలో 2025 సెప్టెంబరు 1 నుంచి కొత్త ఇమ్మిగ్రేషన్, విదేశీయుల చట్టం అమల్లోకి వచ్చింది. అందుకని ఇక్కడ ఎవరికి ఏ నీడ దొరుకుతుందనేది వాళ్ళు ఏ దేశం నుంచి, ఏ సంవత్సరంలో వచ్చారన్న దాన్ని బట్టి ఉంటుంది. శ్రీలంక తమిళులనీ, టిబెటన్లనీ ప్రభుత్వమే నేరుగా చూసుకుంటుంది. అఫ్ఘాన్లు, మయన్మార్ నుంచి వచ్చినవాళ్ళు, సోమాలీల లాంటివాళ్ళకి కార్డు ఇచ్చేది యూఎన్‌హెచ్‌సీఆర్, అంటే ఐక్యరాజ్య సమితి శరణార్థుల సంస్థ.

ఒక్క తారీఖు మనిషి జీవితాన్ని ఎలా మారుస్తుందో చూడండి. 1987 జూన్ 30 వరకు భారతదేశంలో పుట్టినవాళ్ళు తల్లిదండ్రులు ఎవరైనా సాధారణంగా పుట్టుకతోనే పౌరులు. జూలై 1 నుంచి తల్లో తండ్రో భారతీయులై ఉండాలి. 2004 డిసెంబరు 3 నుంచి ఇంకా గట్టి షరతులు వచ్చాయి. రామనాథపురం జిల్లా మండపం క్యాంపులో 1986లో పుట్టిన ఒకామెకి పాస్‌పోర్టు ఇవ్వమని మద్రాసు హైకోర్టు మదురై బెంచ్ 2022లో చెప్పింది ఈ తేడా వల్లే. అదే తల్లికి అదే క్యాంపులో 1988లో ఇంకో బిడ్డ పుట్టి ఉంటే ఆ బిడ్డకి ఆ దారి లేదు. ఫారంలో పుట్టిన తేదీ గడి నింపేటప్పుడు ఇది గుర్తుంచుకోండి, "సుమారుగా వెయ్యండి" అని ఎప్పుడూ అనకండి.

చెన్నై చుట్టుపక్కల ఎవరున్నారు

1983 జూలై అల్లర్ల తర్వాత మొదలై శ్రీలంక నుంచి విడతలు విడతలుగా వచ్చినవాళ్ళలో దాదాపు 58 వేల మంది తమిళనాడు అంతటా వందకు పైగా క్యాంపుల్లో, ఇంకో 33 వేల మంది దాకా పోలీసుల దగ్గర నమోదు చేసుకుని బయట ఉంటున్నారు. 2021లో రాష్ట్ర ప్రభుత్వం శరణార్థి శిబిరాలు అనే పేరు తీసేసి శ్రీలంక తమిళుల పునరావాస శిబిరాలు అని మార్చింది, కుటుంబ పెద్దకి నెలకి 1,500, మిగతా పెద్దవాళ్ళకి 1,000, పిల్లలకి 500 రూపాయలుగా భత్యం పెంచింది. నగరానికి దగ్గరలో పుళల్, గుమ్మిడిపూండి ఉన్నాయి. ఈ క్యాంపుల్లో పనిచేసే సంస్థల్లో ఓఫర్ (OfERR) అనే సంస్థని 1984లో శరణార్థులే మొదలుపెట్టారు. జెస్యూట్ రెఫ్యూజీ సర్వీస్ కూడా ఎన్నో ఏళ్ళుగా పిల్లల చదువుల మీద పనిచేస్తోంది. కేళంబాక్కంలో మయన్మార్ నుంచి వచ్చిన కొన్ని రోహింగ్యా కుటుంబాలు తుపాను షెల్టర్ భవనంలో తలదాచుకున్నాయి.

ఇది మనకి పరాయి కథని అనుకోకండి. మన శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి ఎంతమంది రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్ళారో పెద్దవాళ్ళని అడగండి, 1942లో జపాన్ బాంబులు పడినప్పుడు అడవుల్లో కాలినడకన తిరిగొచ్చినవాళ్ళ కథలు ఇప్పటికీ ఇళ్ళల్లో చెప్పుకుంటారు. బీచ్ స్టేషన్ ఎదురుగా ఉన్న బర్మా బజారు ఆ తర్వాత 1960లలో అక్కడి నుంచి వచ్చేసినవాళ్ళు బతుకుతెరువు కోసం పెట్టుకున్నదే.

భాష: ఇక్కడ తొందరపడకండి

చెన్నైలో ఉన్న తెలుగువాళ్ళం "తమిళం వచ్చేసింది" అని చాలా తొందరగా అనుకుంటాం. కూరగాయలు కొనడానికి ఆ తమిళం చాలు, ఒకరి ప్రాణానికి సంబంధించిన మాట రాసుకోవడానికి చాలదు.

నా మొదటి సంవత్సరంలో జరిగింది చెప్తాను. క్యాంపులో ఒక పెద్దావిడ తన భర్త మందుల చీటీ నా చేతిలో పెట్టి "సరియాన అవసరం, పిళ్ళై" అంది. నా తెలుగు చెవికి అది "సరైన అవసరం"గా వినిపించింది. అవసరమే కదా అని అవసరాల పట్టికలో, మామూలు వరసలో, పద్నాలుగో పేరుగా రాసుకున్నాను. తమిళంలో అవసరం అంటే అర్జెంటు. ఈళం తమిళంలో, అంటే శ్రీలంక తమిళుల యాసలో, సరియాన అంటే "చాలా". ఆవిడ చెప్పింది "చాలా అర్జెంటమ్మా" అని. మూడో రోజు ఫాలోఅప్‌కి వెళ్తే ఆయన్ని అప్పటికే ఆస్పత్రిలో చేర్చారు, ఇన్సులిన్ అయిపోయి రెండు రోజులైందట. ఆయన బతికారు. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు, టీ ఇచ్చింది. ఆ చీటీ పట్టుకున్న చెయ్యి నాకు ఇప్పటికీ కళ్ళ ముందు కనిపిస్తుంది.

ఇలాంటి మాటలు ఇంకా ఉన్నాయి. వాళ్ళు "83 కలవరం" అంటే మన కలవరపాటు కాదు, అల్లర్లు, ఊచకోత. అందుకే ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుని, తెలుగులోనూ తమిళంలోనూ ఒకేలా వినిపించి వేరే అర్థమొచ్చే మాటలు రాసుకుంటూ పోండి. తమిళం చదవడం, రాయడం కూడా నేర్చుకోండి, ఆరు నెలలు రోజుకి గంట కూర్చుంటే వస్తుంది. రోహింగ్యాలతో కొంతవరకు హిందీ పనికొస్తుంది, కానీ ఆడవాళ్ళలో చాలామందికి అదీ రాదు, దుబాసీ కావాల్సిందే. విదేశాల్లో ఫీల్డ్ పని మీద ఆశ ఉంటే ఫ్రెంచ్ మొదలుపెట్టండి, పశ్చిమ ఆఫ్రికాలో అది లేకుండా పని దొరకడం కష్టం. నుంగంబాక్కం కాలేజీ రోడ్‌లో అలయన్స్ ఫ్రాన్సేజ్ ఉంది.

ఏ చదువుతో రావచ్చు

ఏ చదువుతో అయినా రావచ్చు, నిజంగా. నర్సులు, సివిల్ ఇంజనీర్లు, అకౌంటెంట్లు, లాయర్లు, గోదాములూ లారీలూ చూసుకునేవాళ్ళు, డేటా చూసుకునేవాళ్ళు అందరూ కావాలి. సివిల్ చేసినవాళ్ళయితే నీళ్ళు, పారిశుద్ధ్యం వైపు చూడండి. ప్రొటెక్షనే కావాలంటే సోషల్ వర్క్ గానీ లా గానీ సూటి దారి. ఎగ్మూరులో 1952లో మొదలైన మద్రాస్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ ఉంది, లొయోలాలో ఉంది, ముంబయి టిస్‌లో (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) విపత్తుల మీద ప్రత్యేకంగా చదువుకోవచ్చు. లా చదివినవాళ్ళకి ఢిల్లీలోని ఇండియన్ సొసైటీ ఆఫ్ ఇంటర్నేషనల్ లాలో మానవ హక్కులు, యుద్ధ కాలపు చట్టం, శరణార్థుల చట్టం కలిపిన పీజీ డిప్లొమా ఉంది. డబ్బులు పెట్టలేనివాళ్ళు కాయా, డిజాస్టర్‌రెడీ అనే సైట్లలో ఉచిత కోర్సులు చెయ్యండి, స్ఫియర్ హ్యాండ్‌బుక్ 2018 ఎడిషన్ మొత్తం నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. లక్షలు అప్పు చేసి విదేశాల్లో మాస్టర్స్‌కి వెళ్ళేముందు ఇక్కడ ఒక్క ఏడాదైనా ఫీల్డ్‌లో ఉండండి. అది చేశాక కూడా వెళ్ళాలనిపిస్తే వెళ్ళండి.

మొదటి ఏడాది: క్యాంపు గేటు దగ్గర

క్యాంపుల్లోకి ఎవరు పడితే వాళ్ళు వెళ్ళలేరు. రాష్ట్ర పునరావాస శాఖ, జిల్లా యంత్రాంగం అనుమతి కావాలి, క్యూ బ్రాంచ్, అంటే తమిళనాడు నిఘా పోలీసులు, చూస్తుంటారు. అందుకని అనుమతి ఉన్న సంస్థతో కలిసే వెళ్ళాలి. ఉత్తరం రాసేటప్పుడు "సేవ చేయాలని ఉంది" అని మాత్రం రాయకండి, ఏం చేయగలరో రాయండి: వారానికి రెండు సాయంత్రాలు పదో తరగతి లెక్కలు చెప్పగలను, ఎక్సెల్‌లో జాబితాలు సరిచెయ్యగలను, ఆస్పత్రికి తోడు వెళ్ళగలను. క్యాంపు దొరక్కపోతే వరదల సమయంలో రెడ్ క్రాస్‌తో పనిచెయ్యండి, తమిళనాడు శాఖ ఎగ్మూరులోనే ఉంది. నది ఒడ్డుల నుంచి ఖాళీ చేయించి నగరం చివరనున్న కన్నగి నగర్, పెరుంబాక్కం పంపిన కుటుంబాలతో పనిచేసే చిన్న సంస్థలు చూడండి. మనిషి ఇల్లు పోగొట్టుకుంటే మొదటి నెలలో ఏమేం పోతాయో అక్కడ తెలుస్తుంది: రేషన్ షాపు మారుతుంది, స్కూలు దూరమవుతుంది, పనికి వెళ్ళే బస్సు దొరకదు.

ఫొటోలు తీయకండి. ఈ ఒక్క మాట దగ్గర నేను కఠినంగానే ఉంటాను. నాతో పాటు చేరిన ఒక కుర్రాడు మంచి మనసుతోనే పిల్లల ఫొటో స్టేటస్‌లో పెట్టాడు, వెనకాల గోడ పక్కన ఒక మనిషి కనపడుతున్నాడు. ఆ మనిషి ఎక్కడున్నాడో తెలియకూడదని సొంత దేశంలో మిగిలిన అతని కుటుంబం ఏళ్ళుగా జాగ్రత్త పడుతోంది. గంటలో తీసేశాం, కానీ ఆ గంటలో ఎవరు చూశారో మనకి తెలియదు.

ఎదురుగా కూర్చుని అడగడం

ఈ వృత్తిలో సగం పని ఇదే, కాబట్టి కాస్త నిలబడి చెప్తాను.

కూర్చునే ముందు మూడు చూసుకోండి. మాట బయటికి వినిపించని చోటు ఉందా? దుబాసీ ఎవరు? పక్కింటివాళ్ళూ, బంధువులూ, ముఖ్యంగా సొంత పిల్లలూ దుబాసీగా ఉండకూడదు, తల్లికి జరిగింది కొడుకు నోటితో తెలుగు చేయించడం ఘోరం. ఆడవాళ్ళ దగ్గర ఆడవాళ్ళే ఉండాలి, భర్త పక్కన లేకుండా విడిగా మాట్లాడే అవకాశం ఇవ్వాలి. మొదలుపెట్టేటప్పుడు మీరెవరు, ఎందుకు రాసుకుంటున్నారు, ఇది ఎవరు చూస్తారు, ఇష్టం లేకపోతే ఆపేయొచ్చు, ఇవన్నీ చెప్పండి. ఆపేస్తే సహాయం ఆగదని కూడా చెప్పండి, అది చెప్పకపోతే ఇష్టం అనే మాటకి అర్థం లేదు.

తర్వాత కథని వాళ్ళ వరసలో చెప్పనివ్వండి. తారీఖులు గుర్తుండవు, "పొంగల్ అయ్యాక, పెద్దోడికి నడక వచ్చేటప్పటికి" అని చెప్తారు, దాని చుట్టూ సంవత్సరం పట్టుకోవాలి. రెండుసార్లు చెప్పినప్పుడు తేడా వస్తే అబద్ధమని రాసేయకండి. భయపడ్డ మనిషి జ్ఞాపకం అలాగే ఉంటుంది, తేడా ఎందుకు వచ్చిందో మెల్లగా అడగండి.

పేర్ల దగ్గర మనవాళ్ళం ప్రత్యేకంగా తప్పు చేస్తాం. మనకి ముందున్న అక్షరం ఇంటిపేరు, వాళ్ళకి అది తండ్రి పేరు, పెళ్ళయ్యాక చాలామందికి భర్త పేరు. ఫారంలో ఇంటిపేరు గడి కనబడగానే మన చెయ్యి అలవాటుగా ఆ అక్షరాన్ని అక్కడ పెట్టేస్తుంది. ఒకే మనిషికి స్కూలు సర్టిఫికెట్‌లో ఒక ఇనిషియల్, క్యాంపు కార్డులో ఇంకోటి, బిడ్డ బర్త్ సర్టిఫికెట్‌లో తల్లిగా మరో స్పెల్లింగ్ ఉంటాయి. రేపు ఆ కుటుంబం తిరిగి శ్రీలంక వెళ్దామని బిడ్డ పౌరసత్వం కోసం ఇక్కడి శ్రీలంక డిప్యూటీ హైకమిషన్‌లో కాగితాలు పెట్టినప్పుడు, ఆ ఒక్క అక్షరం దగ్గర ఫైలు నెలల తరబడి ఆగుతుంది. కాగితం మీద ఉన్నది ఉన్నట్టు రాసి, తేడాని పక్కన విడిగా నమోదు చెయ్యండి, మీరే సరిదిద్దకండి.

ఇంకొకటి, "చూద్దాం లెండి" అనకండి. మన ఇళ్ళల్లో అది మర్యాదగా కాదనడం, అందరికీ తెలుసు. ఎనిమిదేళ్ళుగా కబురు కోసం ఎదురుచూస్తున్న మనిషికి అదే మాట మాట ఇచ్చినట్టు వినిపిస్తుంది. నా చేతిలో ఇంతవరకే ఉంది, ఫలానా కాగితం ఫలానా ఆఫీసుకి పంపుతాను, వచ్చే గురువారం ఏ సంగతీ తెలియకపోయినా వచ్చి ఆ మాటే చెప్తాను అనండి. గురువారం వెళ్ళండి.

మన చేతిలో జాబితా ఉంది కాబట్టి మనకి అధికారం ఉంది, ఇది మర్చిపోతే ప్రమాదం. సహాయానికి బదులు ఏ రకమైన లైంగిక సంబంధమూ కూడదని, పద్దెనిమిది నిండనివాళ్ళతో ఎట్టి పరిస్థితిలోనూ కూడదని ఐక్యరాజ్య సమితి 2003లోనే నిబంధన పెట్టింది. తోటి ఉద్యోగి మీద అనుమానం వచ్చినా రిపోర్ట్ చెయ్యాల్సిందే.

ఉద్యోగం వెతకడం, జీతం, మోసాలు

1996 నుంచి నడుస్తున్న రిలీఫ్‌వెబ్‌లో ప్రపంచమంతా ఉన్న ఖాళీలు వస్తాయి, అలర్ట్ పెట్టుకోండి. యూఎన్‌లోకి మనలాంటివాళ్ళకి నడవదగ్గ దారి యూఎన్ వాలంటీర్స్, పేరు వాలంటీర్ అయినా నెలనెలా భత్యం ఇస్తారు, భారతదేశంలోనే ఉండి చేసే పోస్టులూ ఉంటాయి. యూఎన్‌లో స్థానిక సిబ్బంది, అంతర్జాతీయ సిబ్బంది వేరు వేరు. పి అక్షరంతో మొదలయ్యే అంతర్జాతీయ పోస్టులకి సాధారణంగా మాస్టర్స్, కొన్నేళ్ళ అనుభవం అడుగుతారు. రెజ్యూమేలో "శరణార్థులకి సహాయం చేశాను" అనే వాక్యం ఎవరూ చదవరు. ఎంతమంది కేసులు, ఏ భాషలో, ఏ ఆఫీసుకి పంపారు, ఏమైంది, అది రాయండి, పేర్లు లేకుండా.

జీతం గురించి నిజం చెప్తాను. నా మొదటి జీతం నెలకి 16,000, వేళచ్చేరిలో ముగ్గురం కలిసి గది తీసుకున్నాం. ఇంట్లో నాన్న రెండేళ్ళు సరిగ్గా మాట్లాడలేదు. కాంట్రాక్టులు ఏడాదికో, ప్రాజెక్టు ఉన్నంత కాలానికో ఉంటాయి. 2025లో అమెరికా విదేశీ సహాయం చాలావరకు ఆపేయడంతో ఈ రంగం మొత్తం కుదేలైంది, ఒక్క యూఎన్‌హెచ్‌సీఆరే దాదాపు 3,500 పోస్టులు తీసేస్తున్నట్టు చెప్పింది. అదే సమయంలో, 2024 చివరికి ప్రపంచంలో బలవంతంగా ఇళ్ళు వదిలినవాళ్ళు 12.3 కోట్ల మంది. పని పెరిగింది, డబ్బు తగ్గింది. కాబట్టి ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకుని రండి, బయట కూడా పనికొచ్చే ఒక నైపుణ్యం, అకౌంట్సో, డేటానో, నర్సింగో, చేతిలో ఉంచుకోండి.

యూఎన్ ఉద్యోగం ఇప్పిస్తామని వాట్సాప్‌లో వచ్చే ఆఫర్ లెటర్లు నమ్మకండి. దరఖాస్తుకి గానీ, ఇంటర్వ్యూకి గానీ, వీసాకి గానీ, ట్రైనింగ్‌కి గానీ యూఎన్ పైసా అడగదు. అడిగారంటే మోసమే, అక్కడితో ఆపండి.

నిద్ర, మనసు

విన్న కథలు ఇంటికి వస్తాయి. నాకు మొదటి ఏడాది పడవ ఇంజన్ చప్పుడు కలలోకి వచ్చేది, నేను ఎప్పుడూ అలాంటి పడవ ఎక్కలేదు. ఇది బలహీనత కాదు, ఈ పనిలో మామూలుగా జరిగేదే, కౌన్సెలర్‌తో మాట్లాడండి. వారానికి ఒక పూట ఫోన్ ఆపేయండి. ఇంట్లో చెప్పాలనిపిస్తే మీకు ఎలా ఉందో చెప్పండి, వాళ్ళ కథ చెప్పకండి, అది మీది కాదు.

వెళ్ళిపోయేటప్పుడు

దీని గురించి ఏ కోర్సులోనూ గట్టిగా చెప్పరు. మీ కాంట్రాక్టు ఏదో ఒక రోజు అయిపోతుంది, వాళ్ళు మాత్రం అక్కడే ఉంటారు. చివరి నెలలో కొత్త కేసులు తీసుకోకండి. ఉన్న ప్రతి కేసుకీ ఒక పేజీ రాయండి: ఇప్పటివరకు ఏమైంది, ఏ కాగితం ఎవరి దగ్గర ఆగింది, మనం ఏం మాటిచ్చాం, ఏం ఇవ్వలేదు. మీ తర్వాత వచ్చే మనిషిని వెంట తీసుకెళ్ళి ప్రతి ఇంటి గుమ్మంలో నిలబెట్టి పరిచయం చెయ్యండి. మీ సొంత నంబరు ఇచ్చి "ఎప్పుడైనా చెయ్యండి" అని ఓదార్పుగా అనకండి, ఆరు నెలల తర్వాత మీరు ఎత్తని ఫోన్ ఇప్పటి వీడ్కోలు కన్నా ఎక్కువ బాధపెడుతుంది. నోట్‌బుక్‌లో వాళ్ళ పేర్లున్న పేజీలు ఆఫీసులో అప్పగించండి. మాటల పేజీలు మాత్రం మీరే ఉంచుకోండి. నా నోట్‌బుక్‌లో మొదటి మాట అవసరం.